మా బావ పళ్ళు, మా అక్క పాట

మా బావ పళ్ళు చేస్తాడు. డాక్టరు కాదు. డాక్టరు నోట్లో అచ్చు తీసి పంపిస్తే అందులో ప్లాస్టర్ పోసి, మైనం పరిచి, ఒక్కొక్క పన్నూ కూర్చి, చిగుళ్ళకు రంగు కుదిర్చి పళ్ళ సెట్టు తయారుచేసే మనిషి. ఇంటి వెనక గది ఆయన వర్క్‌షాపు. గోడ పొడవునా అరల నిండా తెల్లటి ప్లాస్టర్ దవడలే, ఒక్కోదాని మీద పెన్సిలుతో నంబరు. కొత్తగా చూసినవాళ్ళు జడుసుకుంటారు.

మా అక్కది కళ్ళజోళ్ళ షాపు. కళ్ళు పరీక్ష చేసి అద్దాలు రాసిస్తుంది, ఫ్రేములు అమ్ముతుంది. ఆ రకంగా ఊళ్ళోవాళ్ళ ముఖాల్లో పైభాగం మా అక్క చూసుకుంటుంది, కిందిభాగం మా బావ చూసుకుంటాడు. మధ్యలో మిగిలిన ముక్కు నాది. నా కోపం ఉండేది దాని మీదే కదా. నేను పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ వీడియోలు తీస్తాను. పెళ్ళికూతురు తరఫు వాళ్ళు తక్కువ కనిపించారనీ, పెళ్ళికొడుకు మేనత్త అసలు కనిపించలేదనీ తిట్లు తినే ఉద్యోగం. ఆ తిట్లు తిరిగి ఇచ్చేయడం కూడా నాకు బాగానే వచ్చు.

ఇక అసలు సంగతి. మా బావ నోట్లో పైవరస పళ్ళు మొత్తం ఆయన చేసుకున్నవే. పోయినేడు దాకా ఈ ముక్క ఊళ్ళో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయనకు పనిచ్చే పళ్ళ డాక్టరు. రెండోవాడు ఆయన కాలేజీ స్నేహితుడు, స్కూటర్లు బాగుచేసేవాడు. అతన్ని అందరూ సైలెన్సర్ అంటారు. బళ్ళకు సైలెన్సర్లు బిగిస్తాడు గానీ అతని నోటికి మాత్రం అది లేదు.

కాలేజీ రోజుల్లో మా బావ రాక్ పాటలు పాడేవాడట. సైలెన్సర్ గిటారు. ఒకరోజు స్టేజీ మీద ఊపు ఎక్కువై, మైకు తీగ పట్టుకుని మైకును గిరగిరా తిప్పాడట. జనం ఈలలు వేశారు. తిరిగి తిరిగి ఆ మైకు వచ్చి ఆయన మూతి మీదే తగిలింది. ముందరి పళ్ళు నాలుగు పోయాయి. ఎవరో సెట్టు చేసిచ్చారు. అది పెట్టుకుంటే గుర్రం నవ్వినట్టుందని రోషం వచ్చి, చేసినతని దగ్గరే కూర్చుని పని నేర్చుకున్నాడు. మిగతా పైపళ్ళు కూడా కదిలి ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. పాట మానేశాడు. నోరు బార్లా తెరిస్తే పైసెట్టు జారుతుంది మరి.

ఇదంతా పెళ్ళికి ముందు మాట. దగ్గరి చూపు అద్దాల కోసం మా అక్క షాపుకి వెళ్ళినప్పుడు, ఆవిడ ఫ్రేము సరిచేస్తూ, "మీ పళ్ళు చాలా బాగున్నాయండీ" అందట. అంతే, మనిషి బుక్కయిపోయాడు. ఆమెకు మొట్టమొదట నచ్చినవి ఆ పళ్ళు. అవి నావి కావని ఏ మొహంతో చెప్పను అనుకున్నాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ పెళ్ళయిపోయింది. తర్వాత ఇరవై నాలుగేళ్ళు కూడా అలాగే అయిపోయాయి. పెట్టుకునే పడుకునేవాడు. పొద్దున్నే ఐదున్నరకు లేచి వర్క్‌షాపులో దూరి, గడియ పెట్టుకుని, శుభ్రం చేసుకుని, రెండో సెట్టు పెట్టుకుని బయటికి వచ్చేవాడు. మా అక్క ఎలా కనిపెట్టలేదని నన్నడక్కండి. ఆ మొదటి రోజు తప్ప, ఆవిడ ఎదుటి మనిషిని చూసేటప్పుడు కళ్ళు దాటి కిందికి దిగదు.

పాట గొడవ ఎలా మొదలయిందంటే, షాపులో ఒకాయన తన భార్య కొత్త ఫ్రేము పెట్టుకోగానే "నీకెంత బాగుందో తెలుసా" అన్నాడట. ఆ సాయంత్రం భోజనాల దగ్గర అక్క అంది, "మీరు నాకు ఎప్పుడైనా అట్లా ఒక్క మాటన్నారా?" అని. నేనూ అక్కడే ఉన్నాను. మా బావ ఆవిడ కంచంలో ఇంకాస్త పప్పు వేశాడు. మర్నాడు నా దగ్గరకొచ్చి, "మరదలా, ఒక పాట చేద్దాం. వీడియో నువ్వు తియ్యాలి. మీ అక్క యాభయ్యో పుట్టినరోజుకి చూపించాలి. ఆ మాటేదో అందులో అనేస్తాను" అన్నాడు.

"మామూలుగా ఎదురుగా నిలబడి అనొచ్చుగా బావా? దానికింత హంగామా ఎందుకు?"

"ఎదురుగా అనగలిగితే ఇన్నేళ్ళు ఆగేవాణ్ణా?" అన్నాడు.

పాట ఆయనే రాశాడు. చెప్పకేం, బాగా రాశాడు. పెళ్ళయిన కొత్తలో వానలో ఇద్దరూ నడిచొచ్చిన సంగతి.

*ఒకే గొడుగు కింద ఇద్దరం నడిచాం*
*నీ భుజమే తడిసింది, నాది కాదు*
*ఆ రోజు అనాల్సిన మాట*
*ఈ రోజుకీ అననే లేదు*

ఇది మెల్లగా, ఒక్క గిటారు మీద. తర్వాత డ్రమ్ములు అందుకుంటాయి. అప్పుడు గొంతు చించుకుని, *"గట్టిగా అంటాను విను, ఈసారి గట్టిగా అంటాను విను"* అని. డ్రమ్ములు వాయించేది ఎవరనుకున్నారు? పళ్ళ డాక్టరే. పొద్దుటి నుంచీ జనాన్ని నోరు తెరవండి, నోరు మూయండి అని బతిమాలి బతిమాలి, సాయంత్రానికి ఏదో ఒకదాన్ని బాదకపోతే ఆయనకు అన్నం సహించదు.

రికార్డింగు వర్క్‌షాపులోనే. అక్క షాపులో ఉన్న వేళ చూసుకుని, కిటికీలకు బొంతలు కట్టి, ఎవరినో అడిగి మంచి మైకు తెచ్చాం. మా బావ పాడాడు. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని వింటే గొంతు వెనక "టిక్" అని చప్పుడు. మళ్ళీ పాడాడు. మళ్ళీ టిక్. సైలెన్సర్ గోడ గడియారం తీసి బయట పెట్టాడు. టిక్. ఫ్యాను ఆపాం. చెమటలు కారాయి గానీ చప్పుడు పోలేదు. ఇదేదో ఎలక పని అని నేను ప్లాస్టర్ దవడలన్నీ పక్కకు జరిపి వెతికాను. డాక్టరు పైకప్పు వంక చూస్తూ ఉండిపోయాడు. సైలెన్సర్, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నోరు మూసుకుని నిలబడ్డాడు.

చివరికి మా బావ అన్నాడు, "ఎలక కాదులే. మరదలా, మీ అక్కకు చెప్పనని ఒట్టెయ్యి."

ఒట్టేశాను. చెప్పాడు. స్టూలు మీద కూలబడ్డాను. ముందు ఒళ్ళు మండింది, ఇన్నేళ్ళూ నాకు కూడా చెప్పలేదని. తర్వాత నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆ నవ్వు మింగేశాను. పరీక్ష తప్పినవాడి మొహంలా ఉంది.

"తీసేసి పాడతాను. మీరెవ్వరూ ఇటు చూడకూడదు" అని గోడవైపు తిరిగాడు.

ఆ గొంతు గురించి ఎలా చెప్పాలో నాకు తెలియదు. మా బావ మామూలు గొంతు పొడిపొడిగా, కత్తిరించినట్టు ఉంటుంది. ఇది వేరు. మాటల అంచులు మెత్తబడ్డాయి. మధ్యమధ్య గాలి కలిసింది. "నీ భుజమే తడిసింది" దగ్గర, తప్పు ఒప్పుకుంటున్నవాడి గొంతులా వణికింది. పైస్థాయికి వెళ్ళినప్పుడు ఇక జారడానికి ఏమీ లేదు గనక నోరు పూర్తిగా తెరిచి పాడాడు. పాతికేళ్ళుగా దాచిపెట్టిన గొంతు మొత్తం బయటికొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. డాక్టరు కర్రలు పక్కన పెట్టేసి కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్క టిక్కు లేదు.

ఆ సంబరంలో మేం చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. అది నా ఖాతాలోకే వస్తుంది, వీడియో తీసేది నేను కదా. పళ్ళు లేకుండా పాడిన పాటకి, పళ్ళు పెట్టుకుని నటించాడు.

షూటింగు డాక్టరుగారి క్లినిక్కు మేడమీద. రబ్బరు గొట్టంతో వాన కురిపించాం. మా బావ సైలెన్సర్ దగ్గర నల్ల తోలు జాకెట్టు అడిగి వేసుకున్నాడు. గుండీలు పెడితే ఊపిరాడదు, తీస్తే పొట్ట కనపడుతుంది. ఊపిరే వదులుకున్నాడు. నోరు తెరిస్తే కొత్తగా చేసుకున్న సెట్టు తళతళలాడింది. కింద పన్ను పీకించుకున్నవాళ్ళు దవడకు దూది పెట్టుకుని మెట్లమీద నిలబడి చూశారు. వాళ్ళకు ఈలలు వేయాలని ఉంది గానీ, మత్తు మందు దిగక పెదాలు కదల్లేదు.

ఎడిటింగుకి కూర్చుంటే నా తల ప్రాణం తోకకొచ్చింది. నోరూ పాటా కలవవు. బొమ్మను ఆరు ఫ్రేములు ముందుకు జరుపుతాను, మొదటి లైను కుదిరి రెండోది చెడుతుంది. వెనక్కి జరిపితే రెండోది కుదిరి మొదటిది పోతుంది. పళ్ళు ఉన్న నోరు ఒకలా తెరుచుకుంటుంది, లేని నోరు ఇంకోలా. ఈ జ్ఞానం నాకు అప్పుడే కలిగింది. మళ్ళీ తీద్దామంటే పుట్టినరోజు ఎల్లుండి. సరేలే, వానలో ఎవరు చూస్తారు అనుకున్నాను.

ఎవరు చూస్తారు? మా అక్క చూస్తుంది. రోజుకు ముప్పై మందిని కూర్చోబెట్టి, వెంట్రుకవాసి తేడా పట్టుకునే మనిషి. ఎదుటి మనిషైతే కళ్ళ దగ్గరే ఆగేది, గోడంత బొమ్మ ముందు ఎక్కడ ఆగుతుంది?

ముందుగదిలో గోడకు దుప్పటి కట్టి దానిమీద వీడియో వేశాం. పది పన్నెండు మంది చుట్టాలూ ఇరుగుపొరుగూ ఉన్నారు. పాట అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కళ్ళు తుడుచుకుంది. నేను పొంగిపోయాను. అప్పుడడిగింది.

"చాలా బాగుంది. పాడిందెవరు?"

"నేనే" అన్నాడు మా బావ.

"ఇరవై నాలుగేళ్ళుగా మీ గొంతు వింటున్నానండీ. ఇది మీ గొంతు కాదు. పెదాలు కూడా కలవలేదు."

అక్క నా వైపు తిరిగింది. "ఏమే, నువ్వు చెప్పు. ఎవరిచేత పాడించారు?"

నేను ఒట్టేసి ఉన్నాను. "బావే పాడాడక్కా" అన్నాను. నిజమే చెప్పాను గానీ, అబద్ధం చెప్పేటప్పటి మొహం పెట్టుకుని చెప్పాను. అక్కకు ఆ మొహం చిన్నప్పటి నుంచీ తెలుసు.

"ఒక్క మాట మీ నోటితో అనమంటే, అదీ ఇంకొకరి గొంతుతో అనిపించారన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయింది. మా బావ మొహం ఆ తోలు జాకెట్టులా నల్లబడిపోయింది.

ఇక్కడ బయటి లోకం సంగతి కూడా చెప్పేస్తాను, అది తేలిక. సైలెన్సర్ ఊరుకోకుండా వీడియోని నెట్‌లో పెట్టాడు. వారంలో పదకొండు వేల మంది చూశారు, పదో రోజుకు యాభై వేలు దాటారు. కింద రాసినవి చదవాలి. "పాట ప్రాణం తీసింది, ఆ పెద్దాయన పెదాలు మాత్రం వేరే పాట పాడుతున్నాయి." "ఇంత గొంతున్నవాణ్ణి దాచేసి ఆ తళతళల పళ్ళాయన్ని ఎందుకు పెట్టారు?" "అసలు గాయకుడికి న్యాయం జరగాలి." ఈ న్యాయం కోరేవాళ్ళందరూ కలిసి వెతికి వెతికి, పాడింది వెనకాల గిటారు పట్టుకున్న సైలెన్సరే అని తేల్చేశారు. పాపం, అతని గొంతు కిక్ కొట్టినా స్టార్టవని స్కూటరు. ఇప్పటికీ షెడ్డుకి వచ్చి చెయ్యి కలిపి వెళుతున్నారు. ఒకావిడ రెండు లైన్లు పాడమని అడిగితే, గొంతు బాగోలేదని తప్పించుకున్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

"బావా, జనానికి చెప్పేద్దాం, మీకు పేరొస్తుంది" అన్నాను.

"యాభై వేల మంది నమ్మకపోతే నాకు పోయేదేముంది? మీ అక్క నమ్మాలి" అన్నాడు.

అక్క నమ్మలేదు. పదకొండు రోజులు. మా బావతో అవసరానికి మించి మాట్లాడలేదు, నాతో అవసరానికి కూడా మాట్లాడలేదు. పోట్లాడితే నేనూ పోట్లాడేదాన్ని, అందులో మనకు తిరుగులేదు. మాట్లాడని మనిషిని ఏం చేస్తాం? మా బావ ఒక పెద్దావిడ సెట్టుకి ముందుపళ్ళు వెనకా, వెనకపళ్ళు ముందూ కూర్చి డాక్టరు చేత చీవాట్లు తిన్నాడు. ఆయన చేతిలో అలాంటి పొరపాటు ఎన్నడూ జరగలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఫోను చేసి, "షాపుకి రా. నాకొక్కడికే ధైర్యం చాలడం లేదు" అన్నాడు.

నేను వెళ్ళేసరికి అక్క పరీక్ష గదిలో ఉంది. చిన్న గది. ఎదురు గోడమీద వెలిగే అక్షరాల పలక, ఎత్తు కుర్చీ, పక్కన బల్లమీద అద్దాల పెట్టె. ఒక ముసలాయన కళ్ళకు బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ అడుగుతోంది. "ఇది ఒకటి. ఇది రెండు. ఏది బాగుంది? మళ్ళీ చూడండి. ఒకటి. రెండు." ఆయన రెండన్నాడు. రాసిచ్చి పంపింది. ఆయన లేచిన కుర్చీలో మా బావ వెళ్ళి కూర్చున్నాడు.

"మీకు అద్దాలు మొన్నే మార్చాను కదా" అంది అక్క, మొహం చూడకుండా.

"కళ్ళు కాదు. నువ్వు అడిగే పద్ధతిలోనే నేనూ అడుగుతాను. ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. "ఇది ఒకటి."

ఆ మామూలు పొడి గొంతుతో, నోరు సగమే తెరిచి, "ఒకే గొడుగు కింద ఇద్దరం నడిచాం" అని పాడాడు. చివర్లో టిక్కుమంది.

తర్వాత జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. వెంటనే ఆ రుమాలు తీసేశాడు. అడ్డం పెట్టుకోకూడదని అప్పుడే అనుకున్నట్టున్నాడు. మా అక్క చూస్తుండగా పైసెట్టు తీసి, బల్లమీద ఖాళీగా ఉన్న కళ్ళజోడు పెట్టెలో పెట్టాడు. పైపెదవి లోపలికి పోయింది, మొహం పదేళ్ళు పెద్దదయింది. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

"ఇది రెండు" అన్నాడు.

పాడాడు. గిటారు లేదు, డ్రమ్ములు లేవు. "నీ భుజమే తడిసింది, నాది కాదు." ఆ గొంతే. గాలి కలిసిన, అంచులు మెత్తబడిన ఆ గొంతే. "గట్టిగా అంటాను విను" దగ్గరకొచ్చేసరికి నిజంగానే గట్టిగా అన్నాడు. అక్షరాల పలక అద్దం జివ్వుమంది. పాట ఆపి, పాటలో లేని మాట కూడా అనేశాడు. "నువ్వంటే నాకు ప్రాణం. ఈ పళ్ళు నచ్చి నన్ను చేసుకున్నావని భయపడి ఇన్నాళ్ళూ చెప్పలేదు."

కళ్ళ దగ్గర ఆగిపోయే మా అక్క చూపు, ఈసారి కిందికి దిగి ఆ నోటి మీద నిలబడిపోయింది.

"రెండు" అంది చివరికి. "రెండే బాగుంది."

తర్వాత కట్ట తెగింది. "పెళ్ళినాటి నుంచీ నవ్వొస్తే మూతి బిగించుకుంటారు. సినిమాకెళ్తే అందరూ పగలబడి నవ్వుతుంటే మీరు రాయిలా కూర్చుంటారు. నాతో బతుకు మీకు సంతోషంగా లేదనుకున్నానండీ! ఈయనకి నేను సరిపోలేదు, మంచివాడు కాబట్టి పైకి చెప్పడం లేదు అనుకున్నాను. ఒక్క పూట అనుకున్నానా? ఇరవై నాలుగేళ్ళు అనుకున్నాను! మీకేమో పళ్ళు జారతాయని భయమా?"

మా బావ బిక్కచచ్చిపోయాడు. ఆయన దాచింది పళ్ళనే అనుకున్నాడు. అవతలి మనిషికి ఏం అందకుండా పోయిందో ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను, ఎవరూ నన్ను పట్టించుకోలేదు.

అక్క ముక్కు తుడుచుకుని పెట్టెలోంచి సెట్టు తీసింది. వెలుతురుకి పట్టుకుని, ఫ్రేములు చూసినట్టే అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవి మీ చేత్తో చేసినవేనా?"

"ఊఁ."

"అయితే ఆ రోజు నేను మెచ్చుకుంది మీ పనినే కదా. దానికి భయపడ్డమేంటండీ, పిచ్చి మనిషీ!" అంది. అని ఇంకా ఏదో గొణిగింది. అది నాకు వినిపించలేదు. నాకు వినిపించాలని అన్నది కూడా కాదు.

నా వైపు తిరిగింది. పన్నెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట, "నువ్వింకా ఇక్కడేం చేస్తున్నావే? బయట నిలబడు. ఎవరైనా వస్తే సాయంత్రం రమ్మను."

ఇంకో రోజైతే దులిపేసేదాన్ని. నోరు మూసుకుని బయటికొచ్చి, తలుపు దగ్గరికి వేసి, మెట్టుమీద నిలబడ్డాను. ఎండ చురుక్కుమంటోంది. లోపల అక్క ఏమందో తెలియదు, ఉన్నట్టుండి ఒక మగ నవ్వు బయటికి తన్నుకొచ్చింది. బొంగురుగా, ఈలలు కలిసి, ఊపిరాడనంత పెద్ద నవ్వు. వెంటనే అక్క నవ్వు దానికి తోడైంది.

అద్దాల కోసం వచ్చిన ఒకావిడ మెట్టెక్కబోతూ ఆగింది.

"లోపల అంతలా నవ్వుతున్నది ఎవరమ్మా?"

"మా బావండీ" అన్నాను. "నేనూ ఇదే మొదటిసారి వినడం."